లాఠీతో కొలిచిన దారి

ధాత నామ సంవత్సరంలో పెద్ద కరువు వచ్చిన ఏడు నేను చంటిబిడ్డ తల్లిని. ఉదయగిరి బజారులో ఒక వ్యాపారి ఊరికి గింజ అమ్మకుండా, జొన్నలన్నీ నెల్లూరికి బండ్లకెత్తాడు. ఆడవాళ్లమంతా పోయి అడ్డంగా కూర్చున్నాం. అతను పోలీసు ఇన్‌స్పెక్టరును పిలుచుకొచ్చాడు.

"ఊరికే వద్దయ్యా, కొనుక్కుంటాం. మాకు అమ్మించు," అంది మా అత్త.

"అమ్మించే అధికారం నాకు లేదమ్మా. దారికి అడ్డముంటే పట్టుకోని పోయే అధికారం మాత్రం ఉండాది."

"అడ్డం లేకపోతే?"

"మీతో నాకు పని లేదు."

అత్త లేచి బాట పక్కకు జరిగి కూర్చుంది. మేమూ రెండు వైపులా జరిగాం.

"వీళ్లను తరిమేయండి దొరా," అన్నాడు వ్యాపారి. ఇన్‌స్పెక్టరు లాఠీ ఎత్తాడు. బిడ్డను పొదువుకుని కళ్లు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. కళ్లు తెరిస్తే, ఆయన లాఠీని నేలమీద పెట్టి మా మధ్య దారి వెడల్పు కొలుస్తున్నాడు.

"బండి పోయేంత దారి ఉండాది. తోలించుకో," అని వ్యాపారితో చెప్పి తప్పుకున్నాడు.

అన్నిటికంటే ముందున్న బండివాడు మా ముఖాలన్నీ ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. మెల్లగా ఎద్దులను విప్పేశాడు.

"ఈళ్ల నడిమిన నేను తోలలేను సామీ."

వెనకవాళ్లూ విప్పారు. బండ్లు కదిలే దారి లేక, పొద్దు వాలకముందే వ్యాపారి మాకు జొన్నలు కొలిచి అమ్మాడు.

ఆరోజు ఇన్‌స్పెక్టరు రాగానే మేమంతా ఆయన కాళ్లమీద పడి బతిమాలుకుందామనుకున్నాం. మా అత్త మాత్రం ఆయన అధికారం ఎక్కడ ఆగిపోతుందో ఆయన నోటితోనే చెప్పించి, సరిగ్గా అక్కడ కూర్చుంది.