లచ్చిరాం పావురాలకు దారి తెలుసు

2011 జనవరి చివరి ఆదివారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. జనగామ. తెల్లవారుజామున కమ్మిన మంచు ఎనిమిదిన్నరకే విడిపోయింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. గాలి ఈశాన్యం నుంచి, జెండా అంచు కదిలీ కదలనంత. నీటిపారుదల శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు వానలు కొలిచినవాణ్ని. ఆ పూట ఎలా ఉందో నేను తప్పు చెప్పను. ఆ పూట ఏం చేశానో మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్లు దాన్ని మోస్తూనే తిన్నాను, మోస్తూనే పడుకున్నాను, మోస్తూనే పదిమందిలో పెద్దరికం చేశాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను. నా మీద నాకు పట్టరాని కోపం వచ్చి చెబుతున్నాను.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా సభలు జరుగుతున్న రోజులవి. జనగామ సభలో తెల్ల పావురాలను ఎగరేయాలని కమిటీ తీర్మానించి, రకాన్ని ఎంచే పని నాకు అప్పగించింది. మా పాలకుర్తి వైపు పావురాలంటే ముందు నా పేరే చెప్పేవారు. కమిటీ కన్వీనర్ లక్కా పావురాలు కావాలన్నాడు. తోక విసనకర్రలా విచ్చుకుంటుంది, ఫొటోలో బాగుంటుందట. నేను కోప్పడ్డాను. లక్కా చూడటానికే, ఆ తోకతో అది ఇంటి కప్పు దాటదు. పంజరంలో పుట్టిన తెల్ల గువ్వకు మేత వెతుక్కోవడమే రాదు, దాన్ని వదిలితే చంపినట్టే. గాలిలో పల్టీలు కొట్టే రకం తన గూటి పైనే తిరుగుతుంది, కొత్త చోట విడిస్తే ఆగమైపోతుంది. సభకు తగినది తెల్ల హోమర్ ఒక్కటే. ఎక్కడ విడిచినా పుట్టిన గూటికే తిరిగి చేరుతుంది. అది కూడా ముందుగా దారి నేర్పిన పిట్ట అయి ఉండాలి, మంచి ఎండలోనే విడవాలి. ఇలా అరగంట చెప్పాను. చెప్పిన ప్రతి మాటా నిజం. అందుకే ఆ అరగంట గుర్తొస్తే ఒళ్లు మండుతుంది.

తెల్ల హోమర్లు దొరకడం కష్టం. బూడిద రంగువి ఎన్నైనా దొరుకుతాయి. తెలుపు కోసం నేను హోమర్‌ను లక్కాతో జతకట్టి ఎనిమిదేళ్లు శ్రమపడ్డాను. పిల్లలు తెల్లగానే పుట్టేవి. విడిస్తే సగం కూడా తిరిగి వచ్చేవి కావు. అటువంటి సమయంలో కురవి అవతల ఒక తండాలో లచ్చిరాం అనే మనిషి దగ్గర తెల్ల హోమర్లు ఉన్నాయని తెలిసింది. వెళ్లి చూశాను. ఐదు జతలు, వాటికి పుట్టి ఎగరడానికి సిద్ధమైన పన్నెండు పిట్టలు. పాలలా తెల్లనివి. మానుకోట నుంచి రైల్లో బుట్ట పెట్టుకుని కేసముద్రం, నెక్కొండ, వరంగల్, ఘనపూర్, ఇలా ఒక్కొక్క స్టేషన్ దూరం పెంచుకుంటూ విడిచి, దారి నేర్పాడు. ఒక్కటీ తప్పిపోలేదు.

వట్టి గప్పాల మనిషి లచ్చిరాం. నలభై ఏళ్లుంటాయి. పావురాలతో తన భాషలో, మాతో తెలుగులో, రెండింట్లోనూ ఆగకుండా మాట్లాడేవాడు. సభకు ఇవ్వమని అడగ్గానే ఎగిరి గంతేశాడు. "కురవి ఈరన్న సాక్షి సారూ, మీరు ఆడ సప్పట్లు కొట్టుడు ఆపక ముందే నా పిట్టలు ఈడ నా గూన కప్పు మీద ఉంటయి" అన్నాడు. ఆ ఆదివారం తండా మొత్తాన్ని పిలిచి ఆకాశం చూపిస్తానన్నాడు.

పావురాలు పెంచేవాడు విడిచే చోట ఉండడు. ఇంటి దగ్గర ఉంటాడు, అవి వచ్చి వాలడం చూడటానికి. శనివారం సాయంత్రం రెండు బుట్టలు నా ఇంట్లో దించి లచ్చిరాం రైలెక్కాడు. ఆదివారం తెల్లారగానే వాటిని నా వెనక గదిలోకి మార్చి తలుపు వేశాను. బుట్టల్లోకి వరంగల్ సంతలో ముందే కొని ఉంచిన పన్నెండు లక్కాలను ఎక్కించాను. ముందే కొన్నాను. అప్పటికప్పుడు పుట్టిన బుద్ధి అని మిమ్మల్ని నమ్మించను.

అడిగితే ఒక జత ఇచ్చేవాడు కాడా? ఇచ్చేవాడు. మరి ఎందుకు అడగలేదు? భూములున్న ఇంటి మనిషినై, తండా మనిషి ముందు చేయి చాపడమా? అంతే. దానికి ఇంకో పేరు పెట్టడానికి ఇన్నేళ్లు ప్రయత్నించాను. లేదు.

సభలో బుట్టలు తెరిచారు. లక్కాలు రెపరెపలాడి దుకాణాల రేకుల మీద వాలాయి. రెండు వేదిక దిగలేదు. కన్వీనర్ మైకు అందుకుని, "చూసిన్రా, మన పావురాలు మన గడ్డ ఇడిసి పోతలేవు!" అన్నాడు. జనం ఈలలు వేశారు. తరువాత నేనూ మాట్లాడాను. మన నీళ్లు ఎత్తుకుపోయి, పైగా మనకు సేద్యం రాదన్నారని, మన కొలువులు తీసుకుని మనకు చేతకాదన్నారని గొంతు చించుకుని చెప్పాను. ఆ మాటలన్న నోరు ఇదే.

పన్నెండు దాటాక ఫోన్ మోగింది.

"సారూ, ఇడిసిన్రా?"

"పదీ ఇరవైకి ఇడిసినం."

"ఒక్కటి గూడ కనవడతలేదు. ఆడ మబ్బు గిట్ల ఉన్నదా? డేగ ఏమన్న తిరుగుతున్నదా?"

"మబ్బు లేదు. గాలి లేదు. డేగ లేదు."

"జర మంచిగ జూసి చెప్పు సారూ."

"చూసే చెప్తున్న."

మబ్బు ఉందని ఎందుకు అనలేదు? అంత దొంగతనాన్ని దాస్తున్నవాడికి ఒక మబ్బు ఎక్కువైందా? ఆ ఒక్క మబ్బు ఉంటే లచ్చిరాం దాన్ని తిట్టుకుని తన పావురాలను నమ్ముకునేవాడు. కానీ వాతావరణం విషయంలో నేను అబద్ధం చెప్పనని నాకు గొప్ప. నా నిజాయితీ అంతా ఆ మబ్బు దగ్గరే చూపించాను. ఆ దొంగతనం కన్నా ఈ నిజమే అతణ్ని ఎక్కువ దెబ్బతీసింది.

మంచి ఎండలో దారి తప్పిన పావురాల తల్లిదండ్రులను మా పెంపకందార్లు ఉంచరు. ఆ రక్తంలోనే లోపం ఉందని కూరకు కోసేస్తారు. అది నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను.

రెండు వారాలకు లచ్చిరాం మా వసారాలో కూర్చుని ఉన్నాడు. నవ్వుతూనే ఉన్నాడు. "తండల నా పేరే పాడైంది సారూ. లచ్చిరాం ఏడికి పోయిండంటె, ఆయిన సుత దారి తప్పిండు అంటున్నరు" అన్నాడు. నేను పావురాల సంగతి అడిగాను.

"నాలుగు జతలు కోసిన."

"కోసినవా?"

"దారి తెల్వని జాతిని ఉంచుకొని ఏంజేస్త? అందరు తిన్నరు. ఎగురుడు రాకున్నా కూరకైతె మంచిగున్నయిరా అన్నరు." మళ్లీ నవ్వాడు. "ఒక్క జత మిగిలింది. పెద్ద జత. మా బాపు ఉన్నప్పటిది. చెయ్యి వస్తలేదు సారూ. మీకంటె ఎర్కున్నోళ్లు ఎవరున్నరు? ఉంచుమంటె ఉంచుత."

అప్పుడే వెనక గదిలోంచి గుటగుటమని పలికాయి. అతని పన్నెండూను. అతను తల అటు తిప్పాడు.

"మీయి మంచిగ పలుకుతున్నయి సారూ."

అతను లేచి ఆ గదివైపు నడిస్తే? ఆ భయంలో, అతణ్ని తొందరగా పంపించేయాలన్న ఆత్రంలో, నిజం చెప్పాలంటే ఆ జాతి ఇక నా ఒక్కడి దగ్గరే మిగులుతుందన్న ఆశలో కూడా, నేను తీర్పు చెప్పాను.

"పన్నెండింట్ల ఒక్కటి రాలే. మబ్బు లేదు, గాలి లేదు. లెక్క ప్రకారం నీ పావురాలకు దారి తెల్వది లచ్చిరాం. ఉంచకు."

"అట్లనే సారూ," అని లేచాడు.

ఆ తరువాత అతను పావురాలు పెంచలేదు. ఆ పెద్ద జతనూ కోసి, గూడు పీకేసి చెల్పూర్‌లో బొగ్గు పనికి వెళ్లాడని విన్నాను.

ఇక నా వైభవం వినండి. ఎదిగిన హోమర్‌ను దొంగిలించినవాడు దాన్ని ఎప్పటికీ బయటికి వదలలేడు. వదిలిన క్షణం అది తన ఇంటికి పోతుంది. కాబట్టి ఆ పన్నెండింటినీ గదిలోనే మూసి పిల్లలు తీశాను. ఆ పిల్లలకు నా ఇల్లే ఇల్లు. 2014 జూన్ రెండున, రాష్ట్రం వచ్చిన రోజున, వాటిని ఎగరేశాను. తెల్లని గుంపు సభ మీద ఒక చుట్టు చుట్టి నేరుగా మా ఇంటికి వచ్చి వాలింది. నాకు శాలువా కప్పారు. స్వేచ్ఛ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చెప్పాను! వాటి తల్లిదండ్రులు నా వెనక గదిలో సూర్యుణ్ని చూడక మూడేళ్లు దాటింది. జనగామ, మానుకోట, భూపాలపల్లి, ఎక్కడ సభ జరిగినా ఏ రకం వదలాలని నన్నే అడిగేవారు. నా జాతి వదలండి అనేవాణ్ని. నా జాతి. ఆ శాలువాను తగలబెట్టే ధైర్యం కూడా లేక ఇంకా బీరువాలోనే ఉంచుకున్న మనిషిని నేను.

2015 మే నెలలో గాలిదుమారానికి వెనక గది రేకు లేచింది. పొద్దున్నే ఆ సందులోంచి ఒక పిట్ట బయటపడింది. నాలుగేళ్లు ఎగరని రెక్కలు. తడబడుతూ పైకి లేచి, అర చుట్టు తిరిగి, తూర్పుకు పోయింది. మరుసటి వారం ఏదో పని ఉన్నట్టు ఆ తండాకు వెళ్లాను. లచ్చిరాం మేనత్త ఒక్కతే గడప ముందు కూర్చుని ఉంది. ఆమె నన్ను ఎరగదు. తెల్ల పావురం ఏమైనా వచ్చిందా అవ్వా అని అడిగాను.

"అచ్చింది బిడ్డా. ఇగో, గీ మొండిగోడ మీదనే కూసున్నది, మూడొద్దులు. గూడు లేదాయె, ఏడికి పోతది? నూకలేస్తె తిన్నది. లచ్చిరానికి ఫోన్ కొట్టిచ్చిన, నీ పిట్ట అచ్చిందిరా అని. నమ్మలే. నాది కాదత్తా, నాయి దారి తెల్వనియి, సారు లెక్క జూసి చెప్పిండు అన్నడు. నాలుగోనాడు పొద్దుగాల సచ్చి ఉన్నది. బొంద తీసి పెట్టిన."

ఆ సారును నేనేనని చెప్పలేదు. దొరికిన మొదటి రైలుకే తిరిగి వచ్చాను. ఆ తరువాత చెల్పూర్ ఎన్నిసార్లు వెళ్లగలిగేవాణ్ని? వెళ్లలేదు. లచ్చిరాం ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. అతనికి చెప్పకుండా మీకు చెప్పడం కూడా పిరికితనమే, అది నాకు తెలుసు. క్షమాపణ అడగను. వయసు చూసి క్షమించేవాళ్లుంటే వాళ్ల మీదా నాకు కోపమే. ఇంత రాశాక మాత్రం ఊపిరి కొంచెం సులువుగా ఆడుతోంది. నిజం కనుక అదీ చెబుతున్నాను.

లచ్చిరాం నా చేతికి ఇచ్చినవి పన్నెండు. వాటిలో నేను ఎగరేసినది ఒక్కటీ లేదు. నా మాట నమ్మి అతను కోసుకున్నవి పది. నా గదిలో చచ్చినవి పదకొండు. ఇల్లు చేరినది ఒకటి.