అడ్డు చెప్పని అక్కలు

ఈ సంగతి జరిగిన కోర్టు ఏ ఊరిదో నేను చెప్పను. కోనసీమలోదేనని మాత్రం చెబుతాను. అమలాపురం వాళ్ళు చదివితే ఇది రాజోలు అనుకుంటారు. రాజోలు వాళ్ళు కొత్తపేట అనుకుంటారు. కొత్తపేట వాళ్ళు అమలాపురంలో తప్ప ఇంకెక్కడ ఇలా జరుగుతుందంటారు. ఎవరికి వాళ్ళు పక్క ఊరి మీదకు తోసేసి హాయిగా చదువుకోవచ్చు.

ఆ కోర్టులో ఆడ లాయర్లందరికీ పెద్దక్క రత్నమాల గారు. ఆవిడ పుట్టిల్లు ఐ.పోలవరం. తండ్రి నరసింహమూర్తి బడిపంతులు. ఎవరేమన్నా ఎదురు సమాధానం చెప్పే పిల్లను చూసి, ఈ నోటికి లా తప్ప ఇంకే చదువూ సరిపోదని లా చదివించాడు. చదువైతే అయింది గానీ, ఆ నోరు కోర్టులో తెరవనిచ్చే వాళ్ళే దొరకలేదు. ఆవిడను జూనియర్‌గా పెట్టుకున్న సీనియర్ గారు పాతకాలం పెద్దమనిషి. వచ్చిన కక్షిదార్లకు మంచినీళ్ళు అందించడం కూడా న్యాయశాస్త్రంలో భాగమేనని ఆయన గట్టి నమ్మకం. రత్నమాల గారు ఆ భాగాన్ని చాలాకాలం అభ్యసించారు.

సొంతంగా ప్రాక్టీసు పెట్టాక ఒకసారి ఆవిడ కొడుక్కి జ్వరం వచ్చింది. వాయిదా కావాలని కబురు పంపారు. అవతలి లాయరు లేచి, "మేడమ్ గారింట్లో ఎప్పుడూ ఎవరికో ఒకరికి జ్వరమేనండి" అన్నాడు. కోర్టు హాలంతా నవ్వింది. నవ్వులు సద్దుమణిగేలోగా జడ్జిగారు ఆవిడ కేసు కొట్టేశారు. అదే హాల్లో, అదే వారంలో, పులస పులుసు ఎక్కువై కడుపు చెడిన మరో వకీలు గారికి మాత్రం వాయిదా దొరికింది. పైగా "ఆరోగ్యం జాగ్రత్తండి" అని పరామర్శ కూడా దొరికింది. పులస తినడం వృత్తిధర్మం, పిల్లల్ని కనడం వ్యసనం అన్నమాట.

ఆ మంట ఆవిడ కడుపులో చల్లారలేదు. తర్వాత తర్వాత శ్రీవాణి వచ్చింది, దుర్గాభవాని వచ్చింది, అందరికంటే చిన్నది కావ్య వచ్చింది. రత్నమాల గారు అందరినీ కూర్చోబెట్టి ఒక కట్టుబాటు చేశారు. మనలో ఎవరు రాలేకపోయినా, మనలో ఇంకొకరు బెంచి ముందు నిలబడి వాయిదా అడగాలి. అవతల ఉన్నది కూడా మనమ్మాయే అయితే అడ్డు చెప్పకూడదు. కారణం అడగకూడదు. అంతే. వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టి దానికి 'నల్లకోటు అక్కలు' అని పేరు కూడా పెట్టుకున్నారు.

ఆ కట్టుబాటు వల్ల జరిగిన మేలు చిన్నది కాదు. ఎగతాళిగా చెబుతున్నానని ఈ ఒక్క మాట కొట్టిపారేయకండి. పెళ్ళయ్యాక నల్లకోటు బీరువాలో పెట్టేసే ఆడపిల్లలు అక్కడ పెట్టడం మానేశారు. శ్రీవాణి అత్తగారికి కంటి ఆపరేషనైతే ఒక్క కేసూ పోలేదు. కావ్య పురిటికి వెళ్ళి, బిడ్డతో తిరిగొచ్చేసరికి తన ఫైళ్ళన్నీ తను వదిలి వెళ్ళినట్టే ఉన్నాయి. నిజంగానే వదిలి వెళ్ళినట్టే ఉన్నాయి, ఒక్క అంగుళం కూడా ముందుకు జరగలేదు. ఈ రెండో సంగతి అప్పట్లో ఎవరికీ తట్టలేదు.

పైగా ఇంకో ముచ్చట. ఆడ లాయర్ల దగ్గరకు కేసులు పెరిగాయి. పెళ్ళాల మీద కేసులు వేసే మొగుళ్ళు, పెళ్ళాలు కేసులు వేసిన మొగుళ్ళు కూడా వెతుక్కుంటూ వచ్చి ఆడ లాయర్లకే వకాల్తాలు ఇస్తున్నారు. "చూసేరా, మగాళ్ళకి కూడా మన మీద నమ్మకం కుదిరిందే" అని రత్నమాల గారు మురిసిపోయి అందరికీ కాజాలు పంచారు.

అలా వచ్చిన వాళ్ళలో మామిడికుదురు భాస్కర్ ఒకడు. కొబ్బరికాయల వ్యాపారం. పెళ్ళాం నాగదుర్గను ఇంట్లోంచి పంపేసి, కూతురు జాహ్నవిని తన దగ్గరే ఉంచుకున్నాడు. నాగదుర్గ నగరం అనే పల్లెలో పుట్టింట్లో ఉండి మిషను కుడుతోంది. పిల్లను తనకు ఇప్పించమని కేసు వేసింది. అది తేలేలోగా వారానికొకసారైనా పిల్లను చూడనివ్వమని ఒక చిన్న పిటిషన్ వేసింది. అప్పుడు జాహ్నవికి మూడేళ్ళు. నాగదుర్గ లాయరు రత్నమాల గారు. భాస్కర్ లాయరు కావ్య.

ఆ చిన్న పిటిషన్ వాయిదా పడింది. మళ్ళీ పడింది. కావ్యకు రాలేని కారణాలు, ఒట్టు, అన్నీ నిజమైనవే. ఒకసారి బిడ్డకు విరేచనాలు, ఒకసారి చూసుకునే మనిషి మానేసింది, ఒకసారి తనకే ఒంట్లో బాగోలేదు. ఒకటి రెండుసార్లు రత్నమాల గారే ఊళ్ళో లేరు. అప్పుడూ ఎవరూ అడ్డు చెప్పలేదు. నాగదుర్గ ప్రతి వాయిదాకూ పొద్దున్నే బస్సెక్కి వచ్చేది. పిల్ల ఎంత పెరిగి ఉంటుందో ఊహించి ఒక గౌను కుట్టి తెచ్చేది. సాయంత్రం ఆ గౌను మళ్ళీ సంచిలో పెట్టుకుని వెళ్ళేది.

"ఈసారీ కుదర్లేదమ్మా. అవతల కావ్య గారి బిడ్డకి జ్వరమంట" అని రత్నమాల గారు చెబితే, నాగదుర్గ కోపం కూడా తెచ్చుకునేది కాదు.

"ఆయ్. పర్లేదండి లాయరమ్మగారూ. బిడ్డకి జ్వరమంటే తల్లి దగ్గరుండాలి కదండీ" అనేది.

ఆ మాట రత్నమాల గారి చెవిలో పడింది గానీ లోపలికి దిగలేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ చెలగాటం కూడా లేదు. అంతా మంచితనమే.

జ్ఞానోదయం పెదబాబు అనే ఆయన రూపంలో వచ్చింది. ఒక ఆదివారం పొద్దున్న ఆయన కొబ్బరిబొండాల గెల ఒకటి మోయించుకుని రత్నమాల గారి ఇంటికి వచ్చాడు. గెల అరుగు మీద దింపించి, తువ్వాలుతో మొహం తుడుచుకుని కూర్చున్నాడు.

"మా కోడలు కేసేసిందండి. మావోడి తరఫున తవరు పుచ్చుకోవాలండి."

"నేనే ఎందుకండీ? మీ వైపు పెద్ద పెద్ద లాయర్లున్నారు కదా" అన్నారు రత్నమాల గారు, ఇంకోసారి మురవడానికి సిద్ధపడుతూ.

"మగ లాయర్ని పెడితే దెబ్బలాడేసుకుంటారండి. ఆరు నెలల్లో కేసు తెగ్గొట్టేస్తారు. మా కోడలి లాయరు ఆడమనిషండి. ఇటూ ఆడమనిషిని పెడితే కేసు కదల్దంటండి. మా కోడలు తిరిగి తిరిగి దానంతటదే రాజీకొచ్చేస్తది."

"ఎవరు చెప్పేరండి మీకు?"

"మామిడికుదురు భాస్కరండి. కావ్యమ్మగారిని పెట్టుకున్నాక ఇంతవరకూ ఒక్క వాదనా జరగలేదంటండి. ఆవిడ రాకపోయినా పనైపోద్దంటండి. అవతల ఉన్న లాయరమ్మ పల్లెత్తు మాటనదంట. ఎవరోగానండి, దేవతలాంటి మనిషి."

రత్నమాల గారు కాసేపు బొండాల వంక చూశారు.

"ఆవిడ నాకు బాగా తెలుసండి" అన్నారు.

"అయితే మరీ మంచిదండి" అన్నాడు పెదబాబు సంతోషంగా.

ఆయన్నీ, ఆయన బొండాలనూ ఆవిడ మర్యాదగానే పంపేశారు. ఆ రోజు మాత్రం ఆవిడకు అన్నం సయించలేదు. సిగ్గేసింది, అదీ మామూలు సిగ్గు కాదు. ఆడవాళ్ళు నిలబడాలని తను కట్టిన గోడను మగవాళ్ళు చక్కగా కొలుచుకుని, దానికి చేరబడి కునుకు తీస్తున్నారు. గోడకు అవతల నాగదుర్గ నిలబడి ఉంది. నిలబెట్టింది తను.

నాగదుర్గ కేసు వాయిదా మంగళవారం. ఆ రోజు పొద్దున్నే గ్రూపులో కావ్య మెసేజి పెట్టింది, 'బాబుకి జ్వరం దిగలేదు, ఎవరైనా నిలబడండి' అని. శ్రీవాణి 'నేనున్నా' అంది. దుర్గాభవాని దండం బొమ్మ పెట్టింది. రత్నమాల గారు ఏమీ పెట్టలేదు. కావ్యకు ఫోన్ చేద్దామని రెండుసార్లు తీసి, ఏం చెప్పాలో తెలియక మళ్ళీ సంచిలో పడేశారు.

కేసు పిలిచారు. శ్రీవాణి లేచింది. "కావ్య గారి బాబుకి జ్వరమండి, టైం కావాలండి" అంది. జడ్జిగారు అప్పటికే కలం తీసి తేదీ వేయబోతున్నారు. అలవాటైన పని.

"మాకు అభ్యంతరం ఉందండి" అన్నారు రత్నమాల గారు.

బెంచి క్లర్కు తలెత్తాడు. శ్రీవాణి, తప్పు విన్నానేమో అన్నట్టు వెనక్కి తిరిగింది. ఈ వార్త బార్ రూముకు ఎవరు మోసుకెళ్ళారో గానీ, క్షణాల్లో గుమ్మం దగ్గర నల్లకోట్లు మూగాయి. ఆడాళ్ళ సంఘం విడిపోతుంటే చూసే భాగ్యం రోజూ దొరుకుతుందా? పులస పులుసు గారు కూడా వచ్చారు, ఆరోగ్యం బాగానే ఉంది.

"ఏమిటండీ అభ్యంతరం?" అన్నారు జడ్జిగారు, ఆయనకూ ఆశ్చర్యమే.

"బిడ్డకి జ్వరమొస్తే తల్లి పక్కనుండాలని అటువైపు అడుగుతున్నారండి. న్యాయమైన కోరికండి. మా పిటిషన్‌లో అడిగేదీ అదేనండి. మా పిటిషనరు బిడ్డకి ఈ రెండేళ్ళలో ఎన్నిసార్లు జ్వరం వచ్చిందో ఆవిడకి తెలియదండి."

ఈసారి కోర్టు హాలు నవ్వలేదు. వెనక బల్ల మీద నాగదుర్గ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జడ్జిగారు కలం కింద పెట్టారు. "మధ్యాహ్నం వాదనలు వింటాను. శ్రీవాణి గారూ, కావ్య గారు రాలేకపోతే మీరే చెప్పండి" అన్నారు.

బయట వరండాలో శ్రీవాణి రత్నమాల గారిని నిలదీసింది.

"ఏంటక్కా ఇది? మనం పెట్టుకున్నదేంటి, నువ్వు చేసిందేంటి? రేపు కావ్య మొహం ఎలా చూస్తావు?"

"చూడలేనే" అన్నారు రత్నమాల గారు. తర్వాత పెదబాబు సంగతి మొత్తం చెప్పారు. 'దేవతలాంటి మనిషి' అన్న మాట రెండుసార్లు చెప్పారు. శ్రీవాణి ఒక్కొక్క వేలే మడిచింది. తన దగ్గరకు ఈ ఏడాది వచ్చిన మొగుళ్ళను ఒక్కొక్కరినే తలుచుకుంటున్నట్టు ఉంది.

"కేసు నేను వాదిస్తాను. ఊరికే చేతులెత్తేయను, దానికిచ్చిన మాట అది. నువ్వూ నీ వైపు గట్టిగా వాదించుకో" అంది చివరికి.

అప్పుడు శ్రీవాణి కావ్యకు ఫోన్ చేసింది. కావ్య ముందు ఏడ్చింది, తర్వాత తిట్టింది. పెద్దక్కను ఏకవచనంలో తిట్టింది. ఆ తిట్లయ్యాక, బాబును భుజాన వేసుకుని జోకొడుతూనే ఫైల్లో ఏ కాగితం ఎక్కడుందో, తన కక్షిదారు తరఫున ఏం చెప్పాలో అంతా చెప్పింది. ఇన్నాళ్ళలో ఒకరి కేసు ఇంకొకరు చదవడం అదే మొదలు. వాయిదా అడగడానికి ఫైలు తెరవక్కర్లేదు కదా.

మధ్యాహ్నం శ్రీవాణి ఎంత బాగా వాదించిందంటే రత్నమాల గారికి చెమటలు పట్టాయి. పిల్లకు నానమ్మ ఆదిలక్ష్మి దగ్గర ఏ లోటూ లేదంది. బడికి వెళుతోందంది. కొత్త మనిషిని చూస్తే బెదురుతుందంది. ఆ 'కొత్త మనిషి' అన్న మాటను రత్నమాల గారు పట్టుకున్నారు. కన్నతల్లి కొత్త మనిషి ఎలా అయిందో చెప్పమన్నారు. ఆ ప్రశ్న అవతలి వాళ్ళను అడుగుతున్నారో, తనను తాను ప్రశ్నించుకుంటున్నారో ఆవిడకే తెలియదు. తండ్రి ఏ నోటిని చూసి లా చదివించాడో, ఆ నోరు చాలా ఏళ్ళకు పూర్తిగా తెరుచుకుంది. గుమ్మం దగ్గర మూగిన వాళ్ళు, కొట్టుకోవడం చూడ్డానికి వచ్చి, వాదన వినాల్సి వచ్చినందుకు నిరాశపడి వెళ్ళిపోయారు.

ఉత్తర్వు వచ్చింది. ప్రతి శనివారం సాయంత్రం ఒక గంట, కోర్టు ఆవరణలో మహిళా న్యాయవాదుల గదిలో తల్లి బిడ్డను చూడవచ్చు. ఆ వారంలోనే భాస్కర్ కావ్య దగ్గర ఫైలు తీసేసుకుంటానన్నాడు. "ఆడాళ్ళని నమ్ముకుంటే ఇలాగే అవుద్ది" అన్నాడట. శనివారం పిల్లను తీసుకొచ్చి అప్పగించి ఆ తర్వాత ఫైలు పట్టుకుపో అంది కావ్య. గ్రూపులోంచి మాత్రం వెళ్ళిపోయింది. పెద్దక్కతో మాట్లాడలేదు.

శనివారం నాలుగయ్యేసరికి ఆ గదిలో అందరూ ఉన్నారు. ఎవరూ రమ్మనలేదు, ఎవరి పని వాళ్ళకుందన్నట్టు ఫైళ్ళు ముందేసుకుని కూర్చున్నారు. ఎవరూ పేజీ తిప్పడం లేదు. నాగదుర్గ గోడవార కుర్చీలో అంచున కూర్చుంది. లేస్తోంది, కూర్చుంటోంది.

కావ్య వచ్చింది. ఒక చేత్తో జాహ్నవి చెయ్యి పట్టుకుంది. వెనకాల ఆదిలక్ష్మి, గుమ్మం బయటే ఆగిపోయింది. కావ్య పిల్లను గది మధ్యకు తెచ్చి చెయ్యి వదిలేసి, రత్నమాల గారి పక్కన ఉన్న ఖాళీ కుర్చీలో వచ్చి కూర్చుంది. మొహం మాత్రం చూడలేదు.

అయిదేళ్ళ పిల్ల. రెండు జడలు, నానమ్మ పెంపకం, మంచి మర్యాద. నల్లకోట్ల వాళ్ళందరినీ ఒక్కసారి చూసి, కోటు లేని మనిషి దగ్గర ఆగింది. ఆ మనిషి కుర్చీలోంచి జారి నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. చేతులు చాపడానికి భయపడుతోంది. పిల్ల రెండడుగుల దూరంలో నిలబడి, అరుగు మీదకు వచ్చిన వాళ్ళను పెద్దవాళ్ళు అడిగినట్టే అడిగింది.

"మీరెవరి తాలూకండీ?"

దుర్గాభవాని కిసుక్కున నవ్వబోయి ఆగిపోయింది. కావ్య చెయ్యి వచ్చి రత్నమాల గారి మణికట్టును పట్టుకుంది.

"నీ తాలూకేనమ్మా" అంది నాగదుర్గ.

పిల్ల ఆ మాట విని కాస్త ఆలోచించింది. ఊరు కాని ఊరివాళ్ళకు చెప్పినంత మర్యాదగా తలూపి, "ఆయ్" అంది.