రెండు డబ్బాలు, ఒకే స్తంభం

ఆమెను వీధిలో అందరూ టైపక్క అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్లు కోర్టులో సాక్షుల మాటలు టైపు చేసి, ఇప్పుడు ఇంట్లో వెనక గదిలో కంప్యూటరు ముందు కూర్చుని వినపడని పిల్లల కోసం టైపు చేస్తోంది. ఎక్కడో ఎవరో మాట్లాడుతుంటే ఇక్కడ ఆమె వేళ్లు కదులుతాయి, ఆ పిల్లల తెర మీద అక్షరాలు వస్తాయి. ఆమె తమ్ముడికి పుట్టు చెవుడు. ఇంటిల్లిపాదీ నవ్వితే వాడూ నవ్వేవాడు, ఎందుకో తెలియకుండానే. అది తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కిందటి నెల ఒక అమ్మాయి కాలేజీ పాఠం మధ్యలో పదకొండు నిమిషాలు నెట్ పోయింది. ఆ కాసేపట్లోనే మేష్టారు ఏదో జోకు వేశారట, క్లాసంతా నవ్విందట, ఆ పిల్ల బిక్కమొహం వేసుకుని కూర్చుందట. టైపక్క మర్నాడే ఇంకో కంపెనీ కనెక్షన్, దానికి ఇంకో నెట్ డబ్బా పెట్టించింది. మొదటిది వైరుతో, రెండోది వైఫైతో. ఏది ముందో ఏది తర్వాతో కంప్యూటరుకు ఒకటి, రెండు అని అంకెలు వేసి మరీ చెప్పింది. కానీ కంప్యూటరు మొండి ఘటం. మొదటి డబ్బాలో నెట్ చచ్చినా, వైరు తగిలి ఉన్నంతసేపూ దాన్నే పట్టుకుని వేలాడుతుంది. అందుకని కుడిచేత్తో టైపు ఆపకుండా ఎడమచేత్తో వైరు పీకడం సాధన చేసింది.

ఇవాళ పదకొండు గంటలకు ఆ అమ్మాయికి ఉద్యోగం ఇంటర్వ్యూ. సరిగ్గా పదింటికి రెండు డబ్బాల్లోనూ నెట్ పోయింది. టైపక్క వైరు పీకింది, పెట్టింది, మళ్లీ పీకింది. ఆమెది బటన్ల ఫోన్, అందులో నెట్ మాటే లేదు. రెండు కంపెనీలకూ ఫోన్ చేసింది. రెండు చోట్లా అదే గొంతు, మీ కాల్ మాకెంతో ముఖ్యం అని.

"ముఖ్యమైతే మాట్లాడి చావచ్చుగా," అని ఆ రికార్డునే కసిరింది.

పదిన్నరకు మొదటి కంపెనీ నీలం చొక్కా వేసుకున్న లైన్‌మన్ వచ్చాడు. మొదటి డబ్బా చూసి పెదవి విరిచాడు. "సాయంత్రానికి వస్తుందక్కా."

"దీని సంగతి సరే. రెండో కంపెనీ మనిషి ఎప్పుడొస్తాడు?"

అతను సంచిలోంచి ఎర్ర టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నాడు. "నేనేనక్కా."

టైపక్క టోపీని చూసింది, చొక్కాను చూసింది.

"రెండూ మూల మీద స్తంభానికున్న పెట్టెలోంచే వస్తాయక్కా. పొద్దున లారీ తగిలి పెట్టె ఊడింది. తీగ మొదటి కంపెనీది, రెండోవాళ్లు అద్దెకు వాడుకుంటారు."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఒకే తీగ నాకు రెండుసార్లు అమ్మారా? అమ్మడానికొచ్చినవాణ్ణి అడిగాను, ఇది పోయినా అది ఉంటుందా అని. గుండె మీద చెయ్యేసుకుని ఉంటుందన్నాడు."

"నేను జీతగాణ్ణి అక్కా."

"మీ ఇంట్లో ఏ నెట్?"

లైన్‌మన్ జేబులో ఫోన్ తడుముకున్నాడు. "ఫోన్‌లోదే. వేరే కంపెనీది. ఈ రెండిటి సంగతీ నాకు తెలుసుగా."

టైపక్క చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వు."

"అక్కా, ఈ పేట కంప్లయింట్లన్నీ దానికే వస్తాయి. కాల్ వచ్చిందంటే నెట్ ఆగిపోతుంది."

"అయితే కాల్స్ వేరే నంబరుకు మళ్లించు." కంపెనీ నంబరు తనే చెప్పింది. "వాళ్లకెంతో ముఖ్యమటగా, విననీ."

పదకొండుకు రెండు నిమిషాలుండగా అతని ఫోన్ నెట్ కంప్యూటరుకు అందింది. లైన్‌మన్ ఎటూ పోలేక స్టూలు మీద కూర్చున్నాడు. నలభై నిమిషాలు ఆమె వేళ్లు ఆగలేదు. చివర్లో ఇంటర్వ్యూ చేసే పెద్దాయన, తన మొదటి ఇంటర్వ్యూకు ఒక కాలికి నల్ల బూటు, ఇంకో కాలికి గోధుమరంగుది వేసుకెళ్లిన సంగతి చెప్పాడు. అవతల నలుగురూ నవ్వారు. టైపక్క చివరి మాట కొట్టింది. రెండు క్షణాలు ఆలస్యంగా ఆ అమ్మాయి నవ్వింది, ఎందుకో తెలిసి నవ్వింది.

టైపక్క కళ్లు తుడుచుకుంది గానీ కోపం మాత్రం దిగలేదు. ఫోన్ అతని చేతిలో పెట్టి, రెండు డబ్బాలూ విప్పి బల్ల మీద పడేసింది.

"పట్టుకుపో."

"ఏ కంపెనీకి ఏది అప్పగించమంటారక్కా?"

"రెండూ నువ్వేగా. ఒకసారి టోపీ పెట్టుకుని, ఒకసారి తీసి, నీకు నువ్వే అప్పగించుకో."