రేపు మాస్టారి గది

ఆ వీధిలో ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్లు లేరు. అందరికీ ఆయన రేపు మాస్టారు. పని టైలరింగు. బట్టలు ఎప్పుడిస్తారని అడిగితే, మిషను మీంచి తల ఎత్తకుండా "రేపు" అనేవారు. ఆ రేపు కోసం తిరిగి తిరిగి జనం చెప్పులు అరిగిపోయేవి. పక్క కొట్లో చెప్పులు కుట్టే పెద్దాయన ఒక్కడికే మాస్టారి మీద ఏ ఫిర్యాదూ ఉండేది కాదు.

అలాగని మాస్టారు అబద్ధాలకోరు కాదు. చెప్పేటప్పుడు నిజంగానే రేపు ఇచ్చేయాలనుకునేవారు. ఈలోగా ఏదో ఒక పాట వచ్చి అడ్డం పడేది.

ఆ పాటల పిచ్చి మేనకోడలితో వచ్చింది. ఆయన అక్క కూతురు చదువు అయ్యాక పని నేర్చుకోవడానికి కొట్టుకు వచ్చి, గుండీలు కుడుతూ కూనిరాగాలు తీసేది. మాస్టారి భార్య కాజాలు కుడుతూ ఆ రాగాలకు మాటలు అల్లేది. ఆఖరి బస్సు తప్పిపోయినవాడి మీద ఒకటి, వాన వెలిశాక గొడుగు మరిచిపోయిన పిల్ల మీద ఇంకొకటి. తాళం వేసే పని మిషనుది. ఒకనాడు మాస్టారు పాత టేపురికార్డరు ముందు పెట్టి ఆ సందడంతా పట్టారు. ఆ క్యాసెట్టు ఎదురుగా ఉన్న టీకొట్టుకు వెళ్లింది, అక్కణ్ణుంచి ఒక బస్సు డ్రైవరు చేతికి వెళ్లింది. ఆ బస్సు ఆగే ఊళ్లన్నిటికీ పాట పాకిపోయింది.

"ఈ క్యాసెట్టు ఎప్పుడు దొరుకుతుందండీ?" అని కొట్టు ముందు నిలబడ్డ కొత్త మనుషులకు కూడా మాస్టారు అలవాటు కొద్దీ "రేపు" అనే చెప్పారు. కంపెనీ పుట్టింది అలాగే. పేరు కోసం ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోలేదు. కీబోర్డు వాయించే కరెంటు మేస్త్రి ఒక అట్ట మీద "రేపు ఆడియో" అని రంగులతో రాసి తలుపుకు తగిలించాడు.

కంపెనీ అంటే వెనక గది, అంతే. కుట్టిన బట్టలు, కుట్టాల్సిన బట్టలు, సగం కుట్టి మరిచిపోయిన బట్టలు దండేల నిండా వేలాడే గది. వాటి మధ్యలో మైకు. ఓ పక్క కోట్లు, ఓ పక్క గౌన్లు, కింద గుడ్డముక్కల మూటలు. పాడే పిల్ల మెడ తిప్పితే ఎవరిదో ప్యాంటు కాలు మొహానికి తగిలేది. పాట అయ్యాక ఇంటిల్లిపాదీ కూర్చుని నకళ్లు తీసి, అట్టలు అంటించి, బస్సులకెక్కించేవారు. ఇవాళ క్యాసెట్లు లేవు, అవి వాయించే పెట్టెలూ లేవు. కానీ ఆ పాట ఒక్కసారి విన్నవాళ్లను అడిగి చూడండి, ఆ పిల్ల తమ పక్కనే కూర్చుని తమకొక్కరికే చెబుతున్నట్టు ఉండేదంటారు. పెద్ద కంపెనీల వాళ్లు కూడా వచ్చి, గది నాలుగు మూలలూ చూసి, గోడలు తట్టి వెళ్లారు.

"అంతా మైకు మహిమ," అనేవారు మాస్టారు. ఆ మైకును చంటిపిల్లలా మెత్తటి గుడ్డలో చుట్టి దాచేవారు. అసలు సంగతి పాపం ఆయనకూ తెలియదు.

కొన్నేళ్లు అలా హాయిగా నడిచాక మేనకోడలి గొంతు బొంగురు పోవడం మొదలైంది. వేడినీళ్లు, మిరియాలు, ఇరుగుపొరుగు సలహాలు అన్నీ అయ్యాయి. చివరికి డాక్టరు చూసి గొంతులో చిన్న కాయ లేచిందని, కోసి తీయక తప్పదని చెప్పాడు. గొంతు మళ్లీ మునుపటిలా వస్తుందా అని అడిగితే తల నిలువుగానూ ఊపలేదు, అడ్డంగానూ ఊపలేదు.

"ఒక్క పాట పాడేసి వెళ్తాను మావయ్యా," అంది ఆ పిల్ల. "అత్తయ్య కొత్తగా రాసింది కదా, అది. ఒక్కసారే పాడగలను. అంతకంటే గొంతు రాదు."

"ఆదివారం పాడుదువుగాని," అన్నారు మాస్టారు. సోమవారం ఆస్పత్రిలో చేరాలి. ఆయన నోట రేపు అన్న మాట రాకపోవడం భార్య గమనించింది.

ఇక చూడాలి ఆయన హడావిడి. పిల్ల పాడే రోజున బట్టలంటూ ఎవరూ తలుపు కొట్టకూడదు, తన మనసు ఇంకో పని మీదికి పోకూడదు. అందుకని జన్మలో మొదటిసారి ఒప్పుకున్న పనంతా పూర్తిచేశారు. ఇంటింటికీ తిరిగి స్వయంగా ఇచ్చి వచ్చారు. జనం ముక్కున వేలేసుకున్నారు. రిటైరైన లెక్కల టీచరైతే తన కోటు అందుకుని, "ఒంట్లో బాగానే ఉందా మాస్టారూ?" అని అడిగారు. శనివారం మూటలన్నీ బయటికి చేరవేసి, దండేలు విప్పి, గోడలకు వెల్లవేయించి, నేల కడిగించారు. గది అద్దంలా తయారైంది. మేనకోడలి కోసం అంత ప్రేమగా ఆయన ఏ పనీ చేసి ఉండరు.

ఆదివారం పొద్దున కరెంటు మేస్త్రి కీబోర్డు మీద వేలు పెట్టాడు. మోత గోడకు కొట్టుకుని మళ్లీ వచ్చింది. మాస్టారు మైకు ముందు దగ్గితే నూతిలోంచి ఎవరో దగ్గినట్టు వినిపించింది. మైకు తుడిచారు, తీగలు మార్చారు, ఏమీ తోచక మేస్త్రిని తిట్టారు. మేనకోడలు గొంతు దాచుకుంటూ ఓ మూల కూర్చుంది. పాడితే ఒక్కసారే. ఆ ఒక్కసారీ ఈ మోతలో కలిసిపోతే ఇక మిగిలేది లేదు.

ఆరిన దుప్పటి మడతపెడుతూ వచ్చిన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. బోడి గోడలను కాసేపు చూసి, దుప్పటి విప్పి మైకు వెనక చాచి పట్టుకుంది.

"ఇప్పుడు మాట్లాడండి."

మాట్లాడారు. మోత కాస్త తగ్గింది.

"ఇన్నాళ్లూ మన పాటను కాపాడింది మైకు కాదండీ," అంది ఆమె. "జనం బట్టలు."

మాస్టారు కటింగు బల్ల మీద కూలబడ్డారు. "నా చేతులతో నేనే పంచిపెట్టి వచ్చాను కదే."

"ఇచ్చి వచ్చిన కాళ్లతోనే వెళ్లి అడిగి రండి. మన ఇంట్లో దుప్పట్లు ఏ మూలకీ చాలవు."

మొదట లెక్కల టీచరు తలుపు కొట్టారు. కోటు కాసేపు కావాలి అనగానే ఆ పెద్దమనిషి దాన్ని గుండెకు హత్తుకున్నారు.

"ఎండాకాలంలో కుట్టమని ఇస్తే చలికాలంలో చేతికొచ్చింది. మళ్లీ మీ చేతిలో పెడితే దీన్ని నా మనవడు తొడుక్కోవాలి."

"సాయంత్రానికి ఇచ్చేస్తాను సార్."

"సాయంత్రమా? రేపు అన్నా నమ్మేవాణ్ణి."

మాస్టారికి నవ్వు రాలేదు. పిల్ల సంగతి, ఆస్పత్రి సంగతి, గది సంగతి గబగబా చెప్పేశారు. టీచరు కోటు భుజాన వేసుకుని, కిటికీ తెరలు కూడా ఊడబీకి, మాస్టారి కంటే ముందు తానే పక్కింటి తలుపు కొట్టారు.

తర్వాత వీధి వీధంతా కదిలింది. ఆ గదిలోంచి బట్టలు రాబట్టుకోవడానికి ఏళ్ల తరబడి పోట్లాడినవాళ్లే ఆ గదికి బట్టలు మోసుకొచ్చారు. చొక్కాలు, స్కూలు యూనిఫారాలు, రగ్గులు, ఇంకా మడత విప్పని కొత్త గౌను. మళ్లీ దండేలు కట్టారు. చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర తేవడానికి ఏమీ లేదు. "నన్నే ఒక మూట అనుకోండి," అని వచ్చి గోడవారన చతికిలబడ్డాడు.

మాస్టారు దగ్గారు. ఆ దగ్గు ఆయన దగ్గరే ఆగిపోయింది.

మేనకోడలు లేచి పాడింది. చరణంలో పైకి వెళ్లే చోట గొంతు కాస్త చీలింది. టేపు ఆపబోయిన మాస్టారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆ పిల్ల ఆగలేదు, చివరిదాకా వెళ్లింది. ఆ చీలికతోనే ఆ పాట ఊళ్లు తిరిగింది. అన్ని క్యాసెట్లలోకీ అదే ఎక్కువ పోయింది. ఆ చోటు వచ్చినప్పుడు బస్సుల్లో మాటలు ఆగిపోయేవట.

ఆ సాయంత్రం మాట తప్పకుండా మాస్టారు బట్టలన్నీ విడివిడిగా మడిచి పెట్టారు. తీసుకోవడానికి ఎవరూ రాలేదు. పిలిస్తే లెక్కల టీచరే వీధి తరఫున జవాబు చెప్పారు. "ఉండనివ్వండి. అమ్మాయి తిరిగొచ్చి పాడాక చూద్దాం." ఆ చలికాలమంతా ఆయన మోచేతులు చిరిగిన స్వెట్టరుతోనే తిరిగారు. అటువంటి మనుషుల కోసం ఎన్ని చొక్కాలు కుట్టినా రుణం తీరదని మాస్టారు అనేవారు.

ఆపరేషను అయింది. మాట రావడానికే చాలా రోజులు పట్టింది. వచ్చిన మాట లావుగా, కిందుగా ఉంది. ఎండలు ముదిరాక ఒక పొద్దున ఆమె మళ్లీ బట్టల మధ్య నిలబడి పాత పాట ఎత్తుకుంది. పైకి వెళ్లలేక ఆగిపోయింది.

"ఇది నా గొంతు కాదు మావయ్యా."

మాస్టారు మెడలోని కొలతల టేపు సవరించుకున్నారు. "మనిషి ఒళ్లు మారితే ఏం చేస్తామమ్మా? మనిషిని వద్దంటామా? మళ్లీ కొలత తీసుకుంటాం. నువ్వు హాయిగా ఎక్కడిదాకా వెళ్లగలవో అక్కడిదాకా వెళ్లు. మిగతాది నేనూ మేస్త్రీ చూసుకుంటాం."

మేస్త్రి శ్రుతి దించాడు. ఇంకా దించాడు. ఆమె మెల్లగా అందులోకి దిగింది. కాజాలు కుడుతున్న అత్తయ్య సూది పక్కన పెట్టి కళ్లు తుడుచుకుంది.

పాట అయ్యేసరికి లెక్కల టీచరు గుమ్మంలో నిలబడి ఉన్నారు. మాస్టారు లేచి, దండెం మీది కోటు తీసి, దులిపి, రెండు చేతులా అందించారు.

"అమ్మాయి పాడింది సార్. ఇక మీ కోటు మీరు తీసుకోండి."

టీచరు కోటును మళ్లీ దండెం మీద వేసి, మడతలు సరిచేశారు.

"ఇంకా పాడాలి కదా," అన్నారు. "రేపు తీసుకుంటాను."