అరవై ఆరేళ్ళ అలక

మొన్న ఆదివారం పొద్దున నా మనవరాలు బల్ల కింద దూరి బయటికి రానంది. కారణం, నేను చపాతీని తుంచి రెండు ముక్కలు చేసి పెట్టడం. ఇంకోటి కాల్చి పెడతానన్నా వినదు. తుంచిన ఆ చపాతీయే మళ్ళీ గుండ్రంగా కావాలి. మోకాళ్ళ నొప్పులతో నేలమీద కూలబడి నేను బతిమాలుతుంటే, నా కూతురు ఫోన్‌లో ఏదో చదివి, "నాలుగేండ్లకు గిట్లనే ఉంటదటమ్మా. ఇదొక స్టేజ్ అట, దానంతటదే పోతదట" అంది. నాకు నవ్వొచ్చింది. జగిత్యాల బళ్ళలో ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. శైశవం, బాల్యం, కౌమారం అంటూ టీచర్ ట్రైనింగులో బట్టీపట్టి పరీక్ష రాసినదాన్ని. పుస్తకంలో ఆ దశలన్నీ బుద్ధిగా వరసలో నిలబడి ఉండేవి. మా ఇంట్లో మాత్రం ఒక మనిషికి ఈ అలిగే దశ అరవై ఆరో ఏట వచ్చింది. ఆమె మా మేనత్త, మేం బాపు అని పిలుచుకునే మా నాన్నకు సొంత అక్క.

మాది సిరిసిల్లలో నేతపని చేసే ఇల్లు. ఊళ్ళో ఇంకా మరమగ్గాల చప్పుడు మొదలు కాని రోజులవి. ఇంట్లో, నేలలో తవ్విన గుంతలో కాళ్ళు పెట్టుకుని నేసే గుంతమగ్గం ఉండేది. బాపుకు మూడు నెలలప్పుడు వాళ్ళమ్మ జ్వరంతో పోయింది. మా మేనత్తకు అప్పుడు ఎనిమిదేళ్ళు. తాత మగ్గం దిగితే ఇంట్లో పొయ్యి వెలగదు కాబట్టి, రెండో తరగతి పుస్తకం గూట్లో పెట్టేసి ఆమె తమ్ముణ్ణి చంకనెత్తుకుంది. ఒళ్ళో వాణ్ణి పడుకోబెట్టుకుని కండెలకు నూలు చుట్టేది, వాడు లేస్తే ఆపి జోకొట్టి మళ్ళీ చుట్టేది. తమ్ముడు చేతికి అందొచ్చేదాకా పెళ్ళి వద్దంది. పందొమ్మిదో ఏట కోరుట్ల సంబంధం కుదిరింది. భార్య పోయి, ఇద్దరు చిన్న ఆడపిల్లలున్న మనిషి. అట్లా ఆమె రెండోసారి కూడా కనకుండానే తల్లయింది. ఆ పిల్లలను పెంచి పెళ్ళిళ్ళు చేసింది. తనకంటూ పిల్లలు కలగలేదు. ఆ సంగతి ఆమె నోట ఎప్పుడూ వినలేదు. మా వాళ్ళందరూ ఆమెను మెచ్చుకుంటూ చెప్పే మాట ఒకటే: ఏది పెట్టినా తింటుంది, ఎక్కడ పడుకోమన్నా పడుకుంటుంది.

కోరుట్ల మామయ్య పోయాక నేనే ఆమెను జగిత్యాలకు తెచ్చుకున్నాను. మేనత్తను కడుపులో పెట్టుకుని చూసుకుంటున్నానని అందరూ నన్ను పొగిడారు. నిజం ఇప్పుడైనా ఒప్పుకోవాలి. మా ఆయనా నేనూ ఉద్యోగాలకు పోతే, పదేళ్ళ నా కూతురు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఒక మనిషి కావాలి. నాకు కావలసింది అత్తమ్మ కాదు, ఇంకో అమ్మ. ఆమె ఎప్పటిలాగే ఏమీ అడక్కుండా బట్టల మూటతో వచ్చేసింది.

ఆరు నెలలు చప్పుడు లేకుండా గడిచాయి. ఒక ఆదివారం ధర్మపురి నుంచి గోదావరి చేప తెచ్చి పులుసు పెట్టాను. అందరికీ వడ్డించి, ఎప్పటిలాగే ఆమె పళ్ళెంలో తోకముక్క వేశాను. ఆమె దాన్ని కాసేపు చూసింది.

"నాకెప్పుడు తోకముక్కనే ఎందుకేస్తరు?" అంది.

"నీకు గదే ఇష్టమంటివి గదా అత్తమ్మా."

"ఎవలకన్న ఎయ్యాలె గదా అని అన్న."

చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళిపోయింది. ఆ రోజంతా మాతో మాట్లాడలేదు. నా పళ్ళెంలో ఉన్నది నడిమి ముక్క.

అది మొదలు. నా కూతురికి గాజులు తెస్తే, నాకేవని రెండు రోజులు ముఖం తిప్పుకుంది. అష్టాచెమ్మలో పిల్ల దొంగాట ఆడిందని గవ్వలు తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో దాచింది. తల దువ్వుకోనంది, మందులు మింగనంది, తలుపు దగ్గరకు వేసుకుని కూర్చుంది. నా కూతురికి మాత్రం పండగగా ఉండేది. ఇంట్లో తన ఈడు మనిషి ఒకరు దొరికినట్టయింది దానికి. నాకు భయం వేసి బాపుకు చెప్పాను. బాపు నాకన్నా ఎక్కువ భయపడ్డాడు. అక్క మతి తప్పుతోందనుకుని సిరిసిల్ల నుంచి పరుగున వచ్చి దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు ఇవాళ ఏ వారమని అడిగాడు, వంద నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నాడు. చిన్నప్పుడు పోగులు లెక్కపెట్టిన మనిషి, ఆయన ఆపమనేదాకా గడగడా చెప్పుకుంటూ పోయింది. ఏ జబ్బూ లేదన్నాడు డాక్టరు. బాపుకు నమ్మకం కుదరక ఒక టానిక్ రాయించుకుని వచ్చాడు. ఆ టానిక్కు మీద కూడా అలిగింది. తమ్ముడితో మాట్లాడకుండా ఉండడం ఆమె జన్మలో అదే మొదటిసారి.

తర్వాతి నెలలో కొండగట్టు గుడికి తీసుకుపోతానని మాటిచ్చి, పరీక్ష పేపర్లు దిద్దాలని రెండు మంగళవారాలు వాయిదా వేశాను. మూడో మంగళవారం నేనూ పిల్లా బడి నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం ఉంది. తాళంచెవి ఇచ్చిన పక్కింటామె, పెద్దమ్మ మంచి చీర కట్టుకుని బస్టాండు వైపు పోయిందని చెప్పింది. పిల్లను ఆమెకు అప్పగించి, బాపుకు ఫోన్ చేసి, దొరికిన బస్సెక్కి కొండకు పోయాను. దర్శనం లైన్లలో, కొబ్బరికాయల దుకాణాల్లో వెతికి కాళ్ళు పడిపోయాక బాపు వచ్చి కలిశాడు. ఇద్దరం కలిసి ఇంకో అరగంట వెతికాం, మా భాషలో దేవులాడాం. చివరికి మెట్ల మీద ఒక పక్కగా కూర్చుని కనిపించింది. చేతిలో పుల్ల ఐస్. ఎదురుగా ఒక కోతి, ఆమె దగ్గర లాక్కున్న కొబ్బరిచిప్పను తీరిగ్గా గీరుకుంటోంది. మమ్మల్ని చూసి కూడా చూడనట్టు తల అటు తిప్పుకుంది.

బాపుకు చెమటలు కారుతున్నాయి. "ఎవలకు చెప్పకుంట అచ్చినవేందక్కా?" అన్నాడు.

ఆమె కోతినే చూస్తూ అంది: "చెప్పి అస్తె నన్నెవలు దేవులాడుతరు?"

బాపు మాట కరుకు మనిషి, మా ముందు ఎప్పుడూ మెత్తబడినవాడు కాదు. నెమ్మదిగా ఆమెకు ఒక మెట్టు కింద కూర్చున్నాడు. "చిన్నప్పుడు నేనలిగితె మగ్గం గుంతల దాసుకుందును. నువ్వు చూసి గూడ చూడనట్టు ఇల్లంత తిరుగుదువు" అన్నాడు.

"నీకెర్కేనా?"

"ఎర్కే. గందుకే ఎక్కువసేపు కూసుందును."

ఆమె అప్పుడు తమ్ముడి వైపు తిరిగింది. అరవై ఆరేళ్ళ ముఖంలో పెదవి చిన్నపిల్లలకు వణికినట్టు వణికింది. బాపు తల వంచుకుని, "నువ్వు అలిగినవని తెల్వక దవాఖానకు తీస్కపోయిన అక్కా" అన్నాడు. ఏం కావాలో చెప్పమని అడిగాడు. తన జీవితంలో ఎవరూ అడగని ప్రశ్న కావడం వల్లనేమో, ఆమె చాలాసేపు ఆలోచించింది. చివరికి ఇంకో పుల్ల ఐస్ అంది. బాపు మూడు తెచ్చాడు. షుగరున్న మనిషి తనూ ఒకటి తిన్నాడు. నేను వద్దనలేదు.

దాని తర్వాత మూడు నాలుగేళ్ళు ఆమె నెలకోసారైనా అలిగేది. నేను ఫోన్ చేస్తే బాపు సిరిసిల్ల నుంచి బస్సెక్కి వచ్చి, వరండాలో కూర్చుని గంటలకొద్దీ బతిమాలేవాడు. ఒక్కోసారి ఆమె రెండో మాటకే కరిగేది, ఒక్కోసారి పూటంతా తిప్పలు పెట్టేది. నేనూ నేర్చుకున్నాను, ముందు ఆమెను అడిగి, తర్వాతే వడ్డించేదాన్ని. ఆ అలకలు ఎప్పుడు పలచబడ్డాయో మాకు సరిగ్గా తెలియదు. ఒకసారి రెండు నెలలు గడిచినా నా నుంచి ఫోన్ రాకపోయేసరికి బాపే ఉండబట్టలేక చేశాడు. అక్క అలగలేదా అని అడిగాడు. ఆ గొంతులో కొంచెం దిగులుంది. నేను ఫోన్ ఆమె చేతికిచ్చాను.

"ఇగ సాలు తియ్ తమ్మీ," అంది మా మేనత్త, డెబ్బయ్యో ఏట. "పెద్దదాన్నైన."

ఆమె పోయి చాలా కాలమైంది. తర్వాత బాపూ పోయాడు. వయసంటే గడిచిపోయిన ఏళ్ళేనని నేను అనుకునేదాన్ని. బతకడానికి వీలుపడని ఏళ్ళు కూడా మనిషి లోపల ఎక్కడికీ పోకుండా ఉంటాయని, ఎంత ఆలస్యంగానైనా తమ వంతు అడుగుతాయని ఆమెను చూశాకే తెలిసింది.