గుమ్మం దగ్గర రబ్బరు బూట్లు

పోయిన ఆదివారం మా గ్రైండరు ఆగిపోయింది. ఆగేదేదో ముందే ఆగకుండా, మినపప్పు సగం నలిగాక ఆగింది. కోవిల్‌పట్టి బజారులో రిపేరు కొట్టుకి ఫోన్ చేస్తే గంటలో మనిషిని పంపుతామన్నారు. వచ్చింది ఇరవై ఏళ్ళ అమ్మాయి. భుజాన సంచి, జడలో కనకాంబరాలు. గుమ్మం బయట చెప్పులు విడిచి, వంగి, అరచెయ్యి ఒకసారి నేలకి ఆనించింది. ఆ తర్వాత సంచిలోంచి నల్లటి రబ్బరు బూట్లు తీసి తొడుక్కుని మా వంటింటి వైపు నడిచింది. మా అత్తగారికి ఎనభై దాటాయి. వంటింట్లోకి కాళ్ళకి ఏదో తగిలించుకుని వచ్చిన మనిషిని ఆవిడ ఈ జన్మలో చూడలేదు. "ఏమే పాపా, చెప్పులు ఇడిచిపెట్టి బూట్లు ఏసుకోని వస్తావే! ఇదేమి మరియాద?" అని అడ్డంగా నిలబడింది. "కరెంటు పని అవ్వా. ఒట్టి కాలు తడినేలకి తగలకూడదు" అంది ఆ పిల్ల, మా ఇంటి తెలుగులోనే. ఊరంతా అరవం మాట్లాడే చోట మన మాట వినపడితే మా అత్తగారికి సగం కోపం దిగిపోతుంది. మిగతా సగం గొణుక్కుంటూ పక్కకి జరిగింది.

నేను బూట్ల సంగతి పట్టించుకోలేదు. నేలకి ఆనించిన ఆ చేతినే తలుచుకుంటున్నాను. "చెయ్యి ఎందుకు పెట్టావమ్మా?" అని అడిగాను. మెయిన్ ఆపడానికి వెళ్తూ, "ఏంటికో తెల్దమ్మా. కాలేజీలో మా టీచరక్క చేస్తాది, మేమూ చేస్తాము" అంది.

ఆ టీచరక్క మా చిన్నమ్మ. మా అమ్మకి ఆఖరి చెల్లెలు. నాకంటే ఐదేళ్ళు చిన్నది. అయినా చిన్నమ్మ చిన్నమ్మే కాబట్టి నన్ను "పాపా" అని పిలిచే హక్కు ఏనాడూ వదులుకోలేదు. తిరుత్తంగల్ వెళ్ళే దారిలో ఒక చిన్న ఊరు వాళ్ళది. చిన్నాయన పత్తీ సజ్జలూ వేసి ఆకాశం వంక చూస్తూ కూర్చునేవాడు. ఇల్లు నడిచింది చిన్నమ్మ చేతుల మీద. రోజూ పొద్దున్నే శివకాశి బాణసంచా ఫ్యాక్టరీ వ్యాన్ వచ్చి ఊరి మొదట్లో రెండుసార్లు హారన్ కొట్టేది. ఇరవై రెండేళ్ళు ఆ హారన్ వినే ఆమె చద్దన్నం డబ్బాకి మూత పెట్టింది. వ్యాన్లో డ్రైవరు వెనక కిటికీ పక్క చోటు ఆమెది. ఇంకెవరూ కూర్చోరు.

మందు కూరే గదుల్లో ఒక పద్ధతి ఉంటుంది. చెప్పులు దూరంగా విడవాలి. గుమ్మం పక్కన భూమిలోకి దింపిన రాగి రేకు ఉంటుంది. ఒంట్లో ఏ కాస్త కరెంటు ఉన్నా దిగిపోవాలని దానికి అరచెయ్యి ఆనించాలి. అప్పుడే ఒట్టి కాళ్ళతో లోపలికి వెళ్ళాలి. అది అక్కడ ప్రాణం కాపాడే పద్ధతి. చిన్నమ్మ మా ఇంటికి వచ్చినా గుమ్మం దగ్గర గోడకి చెయ్యి ఆనించేది. మా పిల్లలు నవ్వేవాళ్ళు.

ఒక ఏడు, పక్క గదిలో పనిచేసే ఆమె స్నేహితురాలు కాలిపోయింది. బతికింది. కానీ ఆ చేతులతో మళ్ళీ జడ వేసుకోలేకపోయింది. చిన్నమ్మ ఆస్పత్రిలో ఆమెని చూసి, అక్కణ్ణించి నేరుగా నా దగ్గరికి వచ్చింది. నేనప్పుడు కోవిల్‌పట్టిలోని ఒక కమ్యూనిటీ కాలేజీ ఆఫీసులో గుమస్తాని. పేరుకి కాలేజీయే గానీ, పదో తరగతి తప్పినవాళ్ళకీ బడి మధ్యలో మానేసినవాళ్ళకీ ఏడాదిలో ఏదో ఒక పని నేర్పే చోటు. మా ప్రిన్సిపాలు ఏటా స్పిన్నింగు మిల్లులకీ, శివకాశి ప్రెస్సులకీ, కయత్తారు గాలిమరల వాళ్ళకీ ఉత్తరాలు రాసేవారు. మీకు ఏ పని తెలిసిన మనుషులు దొరకడం లేదో చెప్పండి, వాళ్ళని మేం తయారుచేస్తాం అని. ఉత్తరాలు టైపు చేసేది నేనే. మిల్లుల నుంచి ప్రతిసారీ ఒకటే జవాబు: మోటార్లు చూసుకునేవాళ్ళు కావాలి.

"నాకు ఆ మోటారు పని నేర్పించు పాపా. ఇంక మందు గదికి పోను" అంది చిన్నమ్మ. ఆమెకి నలభై మూడు. నేను కళ్ళజోడు సవరించుకుని, పెద్ద తెలివైనదానిలాగా, "మొక్కై వంగనిది మానై వంగునా చిన్నమ్మా?" అన్నాను. ఆమె ఫారం నింపమంది. నింపాను. నింపి మూడు రోజులు నా సొరుగులో అడుగున పెట్టాను, ఈలోగా మనసు మార్చుకుంటుందని. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. నాలుగో రోజు ఆమె మళ్ళీ వచ్చి, నా సొరుగు తనే లాగి, ఫారం తీసుకెళ్ళి ప్రిన్సిపాలు బల్ల మీద పెట్టింది.

క్లాసులో మిగతా అందరికీ మీసాలు ఇంకా సరిగ్గా రాలేదు. వాళ్ళ మధ్య నూలుచీరలో చిన్నమ్మ. పాఠం చెప్పేది మిల్లులో రిటైరైన ఒక ముసలి ఎలక్ట్రీషియను. మోటారు లోపలి రాగితీగ చుట్టడంలో ఆమె చేతిని మించిన చెయ్యి లేదనేవాడు. లెక్కపెట్టకుండానే చుట్ల లెక్క ఆమె వేళ్ళకి తెలిసేది. తంటా అంతా కాళ్ళతోనే. కరెంటు పనిలో ఒట్టి కాళ్ళతో దిగడం చావుని పిలవడమే. ఇక్కడ రబ్బరు బూట్లు తప్పనిసరి. మామూలు రోజుల్లో గుర్తుపెట్టుకుని వేసుకునేది. కాస్త గాభరా పుట్టిందంటే చాలు, ఎప్పుడు విడిచిందో ఆమెకే తెలియకుండా బూట్లు గుమ్మం బయట ఉండేవి. "కాలు నేలకి తగిల్తేదా సార్ నాకు దైర్యం" అనేది. మా వైపు 'దా' అంటే 'నే' అని. ఆయన తల పట్టుకునేవాడు.

పరీక్ష విరుదునగర్‌లో. మోటారుకి స్టార్టరు బిగించి తిప్పి చూపాలి. పేరు పిలవగానే చిన్నమ్మకి చెమటలు పట్టాయి. బూట్లు విడిచేసి ఒట్టి కాళ్ళతో లోపలికి నడిచి ప్యానెలు మీద చెయ్యి వెయ్యబోయింది. పరీక్ష పెట్టడానికి వచ్చిన ఇంజనీరు అరిచిన అరుపు బయట ఉన్న నాకు వినిపించింది. ఒక్క తీగైనా ముట్టుకోకముందే ఆమె తప్పింది.

మళ్ళీ పరీక్ష ఆరు నెలలకి. ఆ ఏడాది వానల్లేవు, ఇంట్లో సజ్జలు అడుగంటాయి. ఇంకో మాట లేకుండా చిన్నమ్మ మర్నాడు పొద్దున్న ఊరి మొదట్లో నిలబడింది. డ్రైవరుకి హారన్ కొట్టే పని లేకపోయింది. ఇంక పోనన్న మందు గదికి మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ చెప్పులు విడవడం, రాగి రేకు, ఒట్టి కాళ్ళు. ఆదివారాలు మాత్రం కాలేజీకి వచ్చేది. నాకు ఆమె ముఖంలోకి చూడటానికి ధైర్యం చాలేది కాదు.

ఒక ఆదివారం ఆ ముసలాయన అన్నాడు. "నీకు నేను బూట్లు విడవొద్దని చెప్తూ వచ్చాను చూడు, అదే నా తప్పు. విడువమ్మా. నీ చెప్పులు నువ్వు విడువు. చెయ్యి ఆనించు. నీ పద్ధతి ఒక్కటీ మార్చకు. చెయ్యి ఆనించిన చోటే బూట్లు ఉంటాయి. అవి తొడుక్కున్నాకే గది మొదలవుతుందనుకో." ల్యాబు గుమ్మం పక్కన బూట్ల జత పెట్టించాడు. రాగి రేకు అన్నిచోట్లా ఉండదు గనక నేలకే చెయ్యి ఆనించమన్నాడు. చిన్నమ్మ ఆ రోజు ఎన్నిసార్లు బయటికి వెళ్ళి లోపలికి వచ్చిందో! పక్క క్లాసు కుర్రాళ్ళు అది ఏదో మొక్కు అనుకున్నారు.

రెండోసారి నేను పరీక్ష గది కిటికీ దగ్గరే నిలబడ్డాను. పేరు పిలిచారు. ముఖమంతా అవే చెమటలు. చెప్పులు విడిచింది. వంగి నేలకి చెయ్యి ఆనించింది. అలాగే ఉండిపోయింది. ఆ చెయ్యి మెల్లగా పక్కనున్న సంచిలోకి వెళ్ళింది, బూట్లు బయటికి వచ్చాయి. "దణ్ణమా అమ్మా?" అన్నాడు అదే ఇంజనీరు. "అవును సార్" అంది చిన్నమ్మ. అరగంటలో మోటారు తిరిగింది. నేను కిటికీ చువ్వలు పట్టుకుని ఏడ్చాను.

మిల్లులో పని దొరికింది. కొన్నేళ్ళకి, ఆ ముసలాయన ఇక రాలేనన్నాక, కాలేజీలో వారానికి రెండు పూటలు పాఠమూ ఆమె చేతికే వచ్చింది. వ్యాన్ ఇప్పటికీ ఆ ఊరికి వస్తుంది. పొద్దున్న రెండు హారన్లు వినపడితే ఆమె ఒక్క క్షణం ఆగి, తర్వాత కాఫీ తాగుతుందట.

మా గ్రైండరు తిరిగింది. మా అత్తగారు ఆ పిల్లకి మజ్జిగ ఇచ్చింది, బూట్లు విప్పాకే లెండి. గ్లాసు కడిగి బోర్లించి, ఆ పిల్ల నా వైపు తిరిగింది. "మీరు కాలేజీ ఆఫీసులో ఉంటిరని టీచరక్క చెప్పింది. ఆడ ఏ వయసు దాకా చేర్చుకుంటారమ్మా?"

"ఎవరికి?"

"మా అమ్మకి. నలబై నాలుగు. వ్యాన్లో టీచరక్క కూర్చున్న కిటికీ సీటులోదా పోతాది."

పాత సామెత నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. నేను రిటైరై రెండేళ్ళయింది గానీ ఆ ఫారం నాకు కంఠతా వచ్చు. "రేపే తీసుకురా. నేనే నింపి, నేనే ప్రిన్సిపాలు బల్ల మీద పెడతాను" అన్నాను. మా చిన్నమ్మకి చెప్పవలసిన మాట, పన్నెండేళ్ళు ఆలస్యంగా, ఇంకొకరి తల్లికి చెప్పాను.