పసుపు పెట్టిన పుట్టినరోజు కార్డు

మా ఇంటి గడప దాటి ఏ శుభవార్త కాగితం మీద వెళ్ళినా దాని నాలుగు మూలలా పసుపు ఉండాలి. ఇది మా నాయనమ్మ పెట్టిన నియమం కాదు, ఆమె అత్తగారు పెట్టిందీ కాదు. మాకు తెలిసినంత వెనక్కి ఉంది. పొలాలు పోయాయి, పెద్దిల్లు పోయింది, వాకిట్లో వరసగా నిలబడే బండ్లు పోయాయి. పసుపు మాత్రం పోలేదు.

నేను చెప్పేది కొత్త శతాబ్దం మొదలైన ఏళ్ళ సంగతి. అప్పుడు మేము చిలకలూరిపేటలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నేను ఒక జిన్నింగు మిల్లులో పత్తి నాణ్యం చూసే పనిలో ఉన్నాను. పత్తి కూరిన పెద్ద గోనె బోరెంలోంచి చిటికెడు తీసి, రెండు బొటనవేళ్ళ మధ్య లాగి, పోగులన్నీ ఒకే దిక్కుకు సర్ది, పింజ పొడవెంతో, బలమెంతో చెప్పాలి. ఒకప్పుడు మా పత్తిని అలా లాగి చూసి వేరేవాళ్ళు తలాడించేవాళ్ళు. ఇప్పుడు వేరేవాళ్ళ పత్తి నేను చూస్తున్నాను. అంతే తేడా. మా పత్తి మధ్య పుట్టి పెరిగిన వేళ్ళు గనుక నా మాట తప్పేది కాదు. యజమాని ఎదురుపడితే నిలబడి నమస్కారం పెట్టేవాణ్ణి, తిరిగి నా పని చూసుకునేవాణ్ణి. కాటా దగ్గరివాళ్ళు నన్ను చూసి, ఈయనకు నడుము వంగదురా అని నవ్వుకునేవారని తెలుసు. వంగే అవసరం పడలేదు.

మా అమ్మాయి అప్పుడు మూడో తరగతి. మిల్లు యజమాని కూతురూ అదే తరగతి, పక్కపక్క బెంచీలు. ఆ పిల్ల పుట్టినరోజుకు తరగతి మొత్తాన్నీ పిలిచారు. ఆ రోజుల్లో బస్టాండు దగ్గరి ఫ్యాన్సీ షాపులో తెరిస్తే పాట వచ్చే కార్డులు కొత్తగా దిగాయి. పిల్లలందరూ అవే కొన్నారట. పుట్టినరోజు జరిగే ఇంట్లో హాలు గోడకు దారం కట్టి, వచ్చిన కార్డులన్నీ దాని మీద వరసగా వేలాడదీస్తారట. మా అమ్మాయి ఇదంతా చెప్పి, చివర్న తల వంచుకుని ఇంకో మాట చెప్పింది. వెనక బెంచీ పిల్ల ఎవరో, మీ నాన్న వాళ్ళ దగ్గర పనిచేస్తాడుగా, మీరు కార్డేం తెస్తారు అన్నదట.

"ఆ దారం మీద నా కార్డు కూడా ఉండాలి నాన్నా" అంది.

పాట కార్డు కొనలేక కాదు. ఎవరో ఎక్కడో అచ్చువేసిన మాటల కింద మన పేరు రాసి ఇవ్వడం నాకు మనస్కరించలేదు. మనమే చేద్దాం అన్నాను. చేయడం నాకు రాదని మాత్రం చెప్పలేదు.

ట్రంకు పెట్టె అడుగున మా చెల్లెలి పెళ్ళినాటి కవర్లు పదో పన్నెండో మిగిలి ఉన్నాయి. పెద్దింట్లో జరిగిన ఆఖరి పెళ్ళి అది. మీగడ రంగు మందపాటి కాగితం, ఎడమ మూలన బంగారు రంగులో చిన్న వినాయకుడు. ఇన్నేళ్ళు పెట్టెలో ఉన్నా అంచు నలగలేదు. అలాంటి కాగితం ఆ ఫ్యాన్సీ షాపులో ఉండదని అమ్మాయికి చెప్పాను. తను వినాయకుణ్ణి వేలితో తడిమి చూసి తలూపింది.

మొదటి కార్డు పాడైంది. తెల్ల చార్టు కాగితాన్ని, సగానికి మడిస్తే సరిగ్గా కవరు కొలతకే వచ్చేలా కత్తిరించాను. తీరా చూస్తే కవరులోకి దూరలేదు. రెండోదాన్ని గోరు మందం తగ్గించి కత్తిరించానుగానీ, ఊరికే చేత్తో మడిచేసరికి మడత వంకర పోయి కాగితం పగిలింది. మా ఆవిడ వంటింట్లోంచి చూస్తూనే ఉంది. మూడోదానికి వచ్చి, మడత పడే చోట స్కేలు ఆనించి చెంచా కాడతో ఒక గీత నొక్కింది. ఆ గీత మీద మడిస్తే కాగితం చెప్పినమాట విన్నది. కొత్తగా కార్డు చేయబోయేవాళ్ళకు నా అనుభవం ఇదే: ముందు కవరు, తర్వాత కార్డు. ముందు గీత, తర్వాత మడత. మిగిలినదంతా పిల్లలే నేర్పుతారు.

పూలు ఎలా వేయాలో మాకు తెలియలేదు. నేను గీసిన పువ్వును చూసి అమ్మాయి, ఇది ఫ్యానా అని అడిగింది. దాంతో నేను పెన్సిలు కింద పెట్టేశాను. అప్పుడు మా ఆవిడ కూరకని తరుగుతున్న బెండకాయల్లోంచి ఒక ముక్క ఇచ్చింది. అడ్డంగా కోసిన బెండకాయ ఐదు రేకుల అచ్చు. గిన్నెలో పసుపు కాస్త చిక్కగా కలిపి, అందులో ముంచి కార్డు మీద అద్దితే అచ్చమైన పువ్వు పడింది. అమ్మాయి ఆగలేదు. కార్డంతా అద్దింది, నా లుంగీ మీద కూడా రెండు అద్దింది.

అన్నీ పసుపు పూలే అయితే బాగుండదని కొన్నింటి మీద తమలపాకుల డబ్బాలోంచి తీసిన సున్నం నీళ్ళు చుక్క వేశాం. పసుపుకు సున్నం తగిలితే పారాణి అవుతుందని పెళ్ళిళ్ళు చూసినవాళ్ళకు తెలుసు. అమ్మాయి చూడలేదు గనుక, తన కళ్ళ ముందే పసుపు పువ్వు ఎర్రబడేసరికి ఊపిరి బిగబట్టింది. నాకు మాత్రం పొలం గుర్తొచ్చింది. పత్తిపువ్వు విచ్చిన రోజు లేత పసుపుగా ఉంటుంది, మర్నాటికి ఎర్రబడుతుంది. మేము తెలియకుండానే పత్తిచేను వేశాం.

"అయితే మధ్యలో పత్తికాయ కూడా పెడదాం నాన్నా. రేపు మిల్లు నుంచి కొంచెం పత్తి తీసుకురా" అంది.

మిల్లు నుంచి నేను పీచు కూడా తేను. చొక్కాకు అంటుకున్నది సైతం గేటు దగ్గర దులుపుకుని వచ్చేవాణ్ణి. అది వాళ్ళ పత్తి. వాళ్ళ పత్తి వాళ్ళకే అంటించి ఇవ్వడం ఏం మర్యాద? మంచం మీద మా దిండు ఉంది. మా సొంత చేలో చివరిసారి పండిన పత్తితో కుట్టించిన దిండు. దాని మూల కుట్టు విప్పి చిటికెడు తీశాను. ఇన్నేళ్ళు తల కింద నలిగిన పత్తి. బొటనవేళ్ళ మధ్య లాగి చూస్తే పింజ ఇంకా గట్టిగానే ఉంది. దాన్ని నాలుగు పాయలు చేసి, మైదా ఉడికించిన జిగురుతో కార్డు మధ్యలో అంటించాం. కింద పచ్చ పెన్సిలుతో అమ్మాయి తొడిమె గీసింది.

లోపల ఏం రాయాలన్న దగ్గర మాకు చిన్న పేచీ వచ్చింది. నేను గంభీరంగా ఒక వాక్యం చెప్పాను. తను వినలేదు. 'నీ పుట్టినరోజుకు నేను చేశాను. పువ్వు ఎందుకు ఎర్రగా ఉందో కనుక్కో' అని తెలుగులో గుండ్రంగా రాసింది. నా వాక్యం కన్నా అదే బాగుందని ఒప్పుకున్నాను, కొంచెం ఆలస్యంగా.

కార్డు ఆరాక కవరులో పెట్టాను. అమ్మాయి దాన్ని అందుకోబోతుంటే ఆగమన్నాను. గిన్నెలో మిగిలిన పసుపులో వేలు ముంచి కవరు నాలుగు మూలలా పెట్టాను. అలా పెట్టాలని అనుకుని పెట్టలేదు. మా ఇంటి కవరు, శుభవార్త, గడప దాటబోతోంది. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.

పుట్టినరోజు నాడు అమ్మాయిని యజమాని ఇంటి గేటు దాకా దింపి వచ్చాను. లోపలికి వెళ్ళలేదు, పిలిచింది పిల్లల్ని. తలుపు దగ్గర కూర్చున్న యజమాని తల్లిగారు పిల్లల చేతుల్లోంచి బహుమతులు అందుకుంటున్నారు. మా అమ్మాయి కవరును రెండు చేతులా పట్టుకుని ఆవిడకిచ్చింది. నేను వెనక్కి తిరిగి చూడకుండా వచ్చాను. ఆ రోజు నా నడక నాకే బాగా గుర్తుంది.

ఏడింటికి వెళ్ళి అమ్మాయిని తిరిగి తీసుకొచ్చాను. ఇంటికొచ్చి చెప్పులు విప్పి, వాటిని జాగ్రత్తగా గోడ వారన పెట్టి, అప్పుడు చెప్పింది.

"అందరివీ కట్టారు నాన్నా. నాది కట్టలేదు."

కేకు కోసేటప్పుడు ఒకసారి, కూల్‌డ్రింకు ఇచ్చేటప్పుడు ఒకసారి ఆ దారం మొత్తం ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసిందట. వెనక బెంచీ పిల్ల కూడా చూసిందట. మా అమ్మాయి ఏడవలేదు. ఏడిస్తే నాకు తేలికగా ఉండేది. వీపు నిటారుగా పెట్టుకుని అన్నం తిన్నది. ఆ వీపు ఎవరిదో నాకు తెలుసు.

మా ఆవిడ, ఒక్కమాట అడిగితే పోయేదానికి ఇంత ఎందుకు, ఎక్కడో పొరపాటున పడిపోయి ఉంటుంది అంది. నేను అడగనన్నాను. ఇచ్చినదాన్ని ఏం చేశారని అడగడం మా ఇంట్లో లేదు. మర్నాడు మిల్లుకు వెళితే యజమాని యంత్రాల పని మీద ముందురోజు పొద్దున్నే కోయంబత్తూరు వెళ్ళారన్నారు. నేను పత్తి చూశాను. ఆ మూడు రోజులూ నా చేతికి ఏ పత్తీ నచ్చలేదని కాటా దగ్గరివాళ్ళు తర్వాత చెప్పారు.

నాలుగో రోజు సాయంత్రం మా వీధిలోకి కారు వచ్చింది. మా వీధిలో కారు తిప్పుకునే చోటు లేదు. అందులోంచి యజమాని తల్లిగారు దిగారు, పట్టుచీరతో. వెనక డ్రైవరు చేతిలో పళ్ళెం, అందులో తమలపాకులు, అరటిపళ్ళు, జాకెట్టు గుడ్డ, కుంకుమ భరిణె. ఆవిడ కొత్తకోడలుగా ఉన్నప్పుడు మా పెద్దింటి పెళ్ళిళ్ళకు వచ్చేవారని విన్నాను, మా చెల్లెలి పెళ్ళికీ వచ్చారు. నేను లేచి కుర్చీ వేశాను. ఆవిడ కూర్చోలేదు.

"ఏం అబ్బాయ్, ఇంట్లో పెళ్ళి పెట్టుకుని చంటిపిల్ల చేతికి శుభలేఖ ఇచ్చి పంపుతావా? మీ నాయనమ్మ బతికుంటే ఇంటికొచ్చి బొట్టు పెట్టకుండా పిలిచేదా?"

నాకు అర్థం కాలేదు. ఎవరి పెళ్ళి అని అడగబోయాను. ఆవిడే కొనసాగించారు. తనకు చదువు రాదట. కానీ మా ఇంటి కవరు తనకు తెలియదా? అదే వినాయకుడు, నాలుగు మూలలా పసుపు. చూడగానే కళ్ళకద్దుకుని తిన్నగా తీసుకెళ్ళి దేవుడి పటం ముందు పెట్టారట. శుభలేఖ ఇంటి మగవాడే తెరవాలని కొడుకు కోసం ఆగారట. వాడు ఊరినుంచి ఇంకా రాలేదు, ముహూర్తం దాటిపోతుందేమోనన్న భయంతో తనే బయల్దేరి వచ్చారట.

మా ఇంటి మర్యాద తప్పానని నన్ను ఎవరైనా అనడం అదే మొదటిసారి. సిగ్గుపడాలో, గర్వపడాలో తెలియని స్థితి. ఇన్నేళ్ళ తర్వాత, రెండు గదుల అద్దె ఇంటి నుంచి వెళ్ళిన ఒక కవరుకు పట్టుచీర కట్టుకుని, తాంబూలం పట్టుకుని జవాబు వచ్చింది.

వంటింటి గుమ్మంలోంచి మా అమ్మాయి ముందుకు వచ్చింది.

"అది శుభలేఖ కాదు మామ్మగారూ. బర్త్‌డే కార్డు. నేను చేశా."

ఆవిడ అమ్మాయిని చూశారు, నన్ను చూశారు.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! నాలుగు రోజుల్నుంచీ దానికి దీపం పెడుతున్నానే" అన్నారు. అప్పుడు కూర్చున్నారు. కూర్చుని చాలాసేపు నవ్వారు. మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుంది. డ్రైవరు పళ్ళెంతో సహా గోడవైపు తిరిగాడు. ఆఖరికి నేనూ నవ్వాను.

పెళ్ళి లేదు గనుక తాంబూలం తీసుకోవడం న్యాయం కాదని చెప్పాను. ఆవిడ వినలేదు. "తెచ్చిన తాంబూలం వెనక్కి పట్టుకుపోతానా? నీ కూతురు పిలిచింది, నేను వచ్చాను. నీకేం నొప్పి?" అని మా ఆవిడకు బొట్టు పెట్టి, గుడ్డ చేతిలో పెట్టారు.

అమ్మాయిని అప్పుడే కారెక్కించుకుని తీసుకెళ్ళారు. ఆ ఇంటి దేవుడి గదిలో ఇద్దరు పిల్లలూ కూర్చుని కవరు తెరిచారట. ఎర్ర పువ్వు సంగతి ఆ పిల్ల కనుక్కోలేకపోయింది. మా అమ్మాయి వెంటనే చెప్పలేదు, రెండు రోజులు ఏడిపించింది. కార్డును దారం మీద కట్టబోతే ఆవిడ ఒప్పుకోలేదు. దేవుడి దగ్గర పెట్టిన కాగితం గోడకెక్కదు, అక్కడే ఉండాలన్నారు. ఆ వారంలోనే వెనక బెంచీ పిల్లతో సహా తరగతిలోని ఆరుగురు మా ఇంటికి బెండకాయలు పట్టుకుని వచ్చారు. వాళ్ళందరికీ మా అమ్మాయి నేర్పింది, ముందు కవరు, తర్వాత కార్డు అని నా గొంతుతోనే. ఈలోపు దారం మీది పాట కార్డులు ఒక్కొక్కటే మూగవోయాయని విన్నాను.

యజమాని ఊరినుంచి వచ్చాక మిల్లులో నా దగ్గర ఆగారు. కార్డు మీది పత్తి ఎక్కడిదని అడిగారు. మన మిల్లులో ఆ రకం చూడలేదే అన్నారు. మా చేలోదని చెప్పాను. ఆయన తలూపి వెళ్ళారు. నేను చేతిలోని పింజ మళ్ళీ లాగి చూశాను.

మరుసటి ఏడు అదే పుట్టినరోజుకు మళ్ళీ కార్డు చేశాం. కవరు సిద్ధం చేసి, ఈసారి పసుపు మానేద్దామా అని అమ్మాయిని అడిగాను. అడిగానే గాని, మానదని తెలుసు.

"పెడదాం నాన్నా" అంది. "కానీ ఈసారి మామ్మగారికి మనమే ఇద్దాం. ఇచ్చేటప్పుడు పెళ్ళి కాదని చెబుదాం."

గిన్నెలో వేలు ముంచి నాలుగు మూలలా తనే పెట్టింది.